బావి ఎవరి వాటాకొచ్చింది?

మా సుబ్రహ్మణ్యేశ్వరరావు బాబాయి జీవితంలో చుక్క బీరు ముట్టలేదు. కానీ ఇంగ్లండులో ఏ ఊరి బీరు ఎప్పుడు పుట్టిందో, ఏ కంపెనీ ఎవరి చేతుల్లోకి పోయిందో అడక్కుండానే చెబుతాడు. అడిగితే ఇక ఆ పూటకి మీ పని సరి.

ఈ జబ్బు అమలాపురంలో కాలేజీ లైబ్రరీ గుమాస్తాగా ఉన్నప్పుడు అంటుకుంది. ఎవరో ఉచితంగా ఇచ్చిన పుస్తకాల పెట్టెలో ఇంగ్లండు బీరు కంపెనీల చరిత్ర ఒకటి వచ్చింది. ఇరవై ఏళ్లలో దాన్ని ఒక్కడూ తీసుకెళ్లలేదు. పాపం అనిపించి బాబాయే తీసుకుని పదకొండుసార్లు చదివాడు. రిటైరై కొత్తపేట వచ్చాక మా మీద పడ్డాడు.

భవానీదేవి పిన్ని పప్పు ఉడకలేదంటే, "అంతా నీళ్లలో ఉంది భవానీ. బర్టన్ అని ఊరుంది. అక్కడి బావి నీళ్లలో జిప్సమ్ ఉంటుంది. అందుకే వాళ్ల బీరు అంత తేటగా కుదిరింది" అనేవాడు.

"ఆయ్, మన బోరు నీళ్లకి పప్పెలా ఉడుకుద్దో ఆ పుస్తకంలో ఉందాండి?" అనేది పిన్ని.

మా చెల్లెలు అనిత పెళ్లిచూపుల్లో, కాఫీ బాగుందన్న పాపానికి పెళ్లికొడుకు తండ్రిని గంటసేపు బర్టన్ బావుల చుట్టూ తిప్పాడు. ఆయన మా నాన్నని పక్కకి పిలిచి, "మీ తమ్ముడుగారు రోజూ పుచ్చుకుంటారాండి?" అని అడిగారు. పిన్ని వినేసింది.

"పుచ్చుకోరండి. పుచ్చుకుంటే బాగుండేదండి, ఈపాటికి పడుకునేవారు."

ఆ నవ్వులోనే సంబంధం ఖాయమైంది.

బాబాయి కనబడితే ఊరంతా సందు మార్చేది. దొరికేది లోవరాజు ఒక్కడే. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే మనిషి. సాయంత్రం పని దిగి బ్రాందీ షాపుకి వెళ్తుంటే, షాపు ముందే బాబాయి కాపు కాసి, భుజం మీద చెయ్యేసి, కాలవగట్టు వెంట నడిపించుకుపోయేవాడు. ఓసారి నేనూ వెనకే వెళ్లాను.

"టాడ్‌కాస్టర్‌లో ఒకే ఇంటివాళ్లవి రెండు బీరు కంపెనీలు లోవరాజూ. పక్కపక్కనే."

"వాటాలేసుకున్నారాండి?"

"మరి? ఆ స్థలంలో పాత బావి కూడా ఉంది."

"అదెవరి వాటాకొచ్చిందండి?"

సరిగ్గా అక్కడ లోవరాజు ఇల్లొచ్చింది. "రేపు చెబుతాను" అని బాబాయి ఆగిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "పొద్దంతా చెట్లెక్కి దిగినవాణ్ణి ఎందుకు బాబాయ్ ఇలా చంపుకుతింటావు?" అన్నాను.

లోవరాజు కాళ్లు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లగానే అతని భార్య దుర్గమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఎల్లుండి అవిడిలో కొబ్బరి దింపు ఉందండి బాబుగారూ. ఆ తర్వాత రెండ్రోజులు ఖాళీయండి." బాబాయి జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు.

దుర్గమ్మ నా మొహం చూసి గొంతు తగ్గించింది. "మా ఆయన ఓసారి తాగిన మర్నాడు చేతులొణికి చెట్టు మీంచి జారేరండి. మట్ట పట్టుకుని బతికేరు. తాగుడు మాన్పించమని నేనే బాబుగారి కాళ్లమీద పడ్డానండి. ‘మాన్పించడం నాకు చేతకాదమ్మా, కబుర్లు చెప్పడం చేతవును’ అన్నారండి."

నాకు సిగ్గేసింది. ఆ పుస్తకం పేరెత్తితే పారిపోయిన రోజులన్నీ గుర్తొచ్చాయి.

మర్నాడు బాబాయికి నూటరెండు జ్వరం. "రేపు వాడికి దింపు ఉందిరా. నువ్వెళ్లి వాణ్ణి ఆపు" అని నన్ను తరిమాడు. షాపు ముందు లోవరాజు లేడు. లోపల కూర్చున్నాడేమోనని తొంగి చూశాను. అక్కడా లేడు. వాళ్లింటికెళితే దుర్గమ్మ కంగారుపడింది, ఇంకా రాలేదంది. బాబాయికి ఏం చెప్పాలా అనుకుంటూ ఇంటికొచ్చాను.

లోవరాజు బాబాయి మంచం పక్కనే కింద కూర్చుని బొండం కొడుతున్నాడు.

"షాపు కాడ మీరు కనపళ్లేదండి బాబుగారూ. బావి సంగతి తేలకుండా గ్లాసు పట్టుకుంటే నాకు దిగుద్దాండి?"

బాబాయి దుప్పటి తోసేసి లేచి కూర్చున్నాడు. "పాత కంపెనీ వాటాకే వచ్చింది లోవరాజూ. ఈరోజుకీ ఆ నీళ్లే వాడతారు. కానీ అసలు కథ అది తవ్వినప్పటిది."

పిన్ని చేతిలో ఉన్న జ్వరం బిళ్లని మళ్లీ డబ్బాలో పడేసింది.