ముందు సంతకం, తరవాత నిబంధన

2013లో నేను సౌదీలోని యాన్బులో ఒక చైనా కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పనిచేసేవాడిని. కంపెనీ నియమావళిని ఇంగ్లీషులో రాయడం నా పని, చైనా భాషలో రాయడం లిన్ అనే సహోద్యోగి పని. దీన్ని బైలింగ్వల్ డ్రాఫ్టింగ్ అంటారు. ఒకరు రాసింది మరొకరు అనువదించడం కాదు. పక్కపక్కన కూర్చుని రెండు కాలమ్‌లూ ఒకేసారి రాస్తాం. ఒక నిబంధన చైనా కాలమ్‌లో కుదరకపోతే నా ఇంగ్లీషు కూడా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఆ పనంటే నాకు గర్వం. కడప నుంచి వచ్చి చట్టాలు రాస్తున్నానని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.

ఆ ఏడు నితాఖత్ పథకం కింద మా కంపెనీ రెడ్‌లో పడింది. సౌదీవాళ్ళకు తగినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీకి ఆ రంగు వేస్తారు. రెడ్ కంపెనీ తన మనుషుల ఇఖామాను, అంటే నివాస కార్డును, రెన్యూ చేయలేదు. కానీ ఆ మనుషులు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చు.

జగిత్యాల రాజలింగం మా సైటులో స్కాఫోల్డింగ్ కట్టేవాడు. అతని ఇఖామాకు మూడు వారాలే గడువుంది. ఇంకో కంపెనీ తీసుకుంటానంది. మారకపోతే కార్డు చెల్లదు, పోలీసులకు దొరికితే జైలు, అక్కణ్ణుంచి ఇంటికే. అలాంటివాడు మారే ఆశ వదులుకుని నా ముందుకొచ్చి కూర్చున్నాడు. రెండేళ్ళు వేరే కంపెనీకి వెళ్ళనని ఒప్పుకున్నట్టు హెచ్చార్‌వాళ్ళు ఒక కాగితం చూపించారట.

“సంతకం నాదే సార్, కాదంటలేను. గని అండ్ల గట్ల రాసి ఉన్నదని నాకెవ్వలు చెప్పలే.”

ఫైలు తీశాను. పద్నాలుగో నిబంధన. మే నెలలో నేనూ లిన్ కలిసి రాసిందే. సంతకం పక్కన తేదీ చూస్తే ఫిబ్రవరి.

మా ఆఫీసులో ఒక అలవాటుండేది. సైటు నుంచి మనుషుల్ని మాటిమాటికీ పిలవడం తలనొప్పని, ఆఖరి పేజీ మీద ముందే సంతకాలు తీసుకునేవాళ్ళం. రాత పూర్తయ్యాక ఆ పేజీని వెనక జోడించేవాళ్ళం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. జోడించింది నేనే.

ఒళ్ళు మండి మేనేజర్ని అడిగాను. అదంతా ఫార్మాలిటీ, మనుషులు చెదిరిపోకుండా చిన్న అడ్డు అన్నాడు నవ్వుతూ. మనిషిని బెదిరించే కాగితానికి ఫార్మాలిటీ అని పేరు! ఈ దేశంలో చెల్లేది అరబిక్ ప్రతి ఒక్కటే. లేబర్ ఆఫీసులో మేం దాఖలు చేసిన అరబిక్ నియమావళిలో ఆ నిబంధన లేనే లేదు, పెట్టే ధైర్యం లేదు కనక. ఆ సంగతి మేనేజర్‌కు తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది రాజలింగానికే.

సాయంత్రం లిన్ పద్నాలుగో నిబంధన ఇంకా లేని ఫిబ్రవరి నాటి డ్రాఫ్టు ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టాడు. అవసరమైతే తన పేరు చెప్పమన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి రాజలింగాన్ని లేబర్ ఆఫీసుకు తీసుకెళ్ళాను. నా ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. అధికారి మా రెండు కాలమ్‌ల కాగితం అటూ ఇటూ తిప్పి, అరబిక్ ఏదని అడిగాడు. లేదన్నాను. దాన్ని నా వైపు తోసేసి ట్రాన్స్‌ఫర్ ఫారం అందుకున్నాడు. లిన్ ఇచ్చిన డ్రాఫ్టు విప్పే పనే పడలేదు. రెండు నిమిషాల్లో తేలిపోయిన ఈ ముచ్చట కోసం ఒక మనిషి పదకొండు రోజులు అన్నం సయించక క్యాంపులో పడి ఉన్నాడు.

నిజం చెప్పాలంటే, బయటికొచ్చాక అతను నాకు దండం పెడతాడనుకున్నాను.

“ఇంగ్లీషుల రాసిండ్లు, చైనాల రాసిండ్లు. మీరు తెలుగోల్లే గద సార్. తెలుగుల రాయనీకి ఏమడ్డమొచ్చింది?”

“రాయమని ఎవరూ అడగలేదు రాజలింగం.”

“మమ్ముల గుడ ఎవ్వలు అడగలే.”

ఆ తరవాత ఇంకో ఆరేళ్ళు అక్కడే ఈ పని చేశాను. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, అతనికి అర్థమయ్యే మాటల్లో మొదటి నుంచి చివరిదాకా చెప్పకుండా ఎవరి సంతకమూ తీసుకోలేదు. ఒక్కొక్కరికి ముప్పావు గంట పట్టేది. మేనేజర్లు సణిగేవాళ్ళు. సణుక్కోనీ.