ఎవరూ పట్టుకోవద్దు

మంచిర్యాల నుంచి వస్తుంటే, లారీల నుంచి రాలిన బొగ్గు మీద మా బండి జారింది. మా ఆయన మోచేతులు గీసుకుపోయాయి. వెనక కూర్చున్న నా తల రోడ్డుకు కొట్టుకుంది. కరీంనగర్ దవాఖాన నుంచి ఇంటికి వచ్చేనాటికి మాట, జ్ఞాపకం కుదురుకున్నాయి. ఒళ్లే నిలబడేది కాదు. తల తిప్పితే నేల పక్కకు ఒరిగేది. ముఖం కడుక్కోవడానికి కళ్లు మూస్తే ముందుకు పడిపోయేదాన్ని.

గోదావరిఖనిలో నాకు బట్టలు కుట్టే చిన్న దుకాణం ఉంది. మిషన్ ముందు కూర్చుంటే బాధ లేదు, లేచి నడిస్తేనే. ఓ పొద్దున ఆటో దిగి తూలుతూ పోతుంటే, పాన్‌డబ్బా ఆయన నన్ను చూపించి, తాగిందని పక్కవాడితో అన్నాడు. వెనక్కి తిరిగి, మెల్లగా ఆయన ముందుకే వెళ్లాను.

"తాగలే కాక. తలకు దెబ్బ తాకింది. మల్ల గట్లంటే ఊకోను."

ఆయన స్టూలు నావైపు జరిపాడు. నేను కూర్చోలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఒక పాదం ముందు ఒక పాదం వేస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ నడవమంది. తల తిరిగినా మానొద్దంది, అలా చేస్తేనే మెదడు మళ్లీ నేర్చుకుంటుందట. మా గని క్వార్టర్ ముందు రోడ్డు మీదే నడిచేదాన్ని. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు ఆగి చూసేవారు. ఇంట్లో చేసుకోమని మా ఆయన బతిమాలాడు. నేను దాక్కునే పని ఏం చేశానని అడిగాను.

సద్దుల బతుకమ్మ నాడు మా ఆడపడుచు నాకోసం కుర్చీ తెచ్చింది. వంగి, చప్పట్లు కొట్టి, తిరుగుతూ ఆడే ఆట నాకు కుదరదని ఆమె భయం.

"అందరి ముందర పడితె ఎట్ల?"

"పడితె లేస్త వదినె."

ముందున్నామె జడ మీదే చూపు నిలిపి కాసేపు ఆడాను. తర్వాత ఓసారి వంగగానే నేల లేచి వచ్చినట్టయింది. పడ్డాను. పాట ఆగింది. చేతులు నా భుజాల మీదికొచ్చాయి.

"ఎవ్వలు పట్టుకోకుండ్రి. పాట ఆపకుండ్రి."

అరచేతులు నేలకు ఆనించి, ఒక మోకాలు, తర్వాత ఒక పాదం, అట్లా లేచాను. అప్పటికి మా వదినే పాట ఎత్తుకుంది. కాళ్లు ఎడంగా పెట్టి, అందరికన్నా తక్కువ వంగుతూ మళ్లీ వరసలో కలిశాను. చివర్లో ఇంకోసారి పడ్డాను. ఈసారి పాట ఆగలేదు.

తూలడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చూసేవాళ్లను చూడనిస్తాను. రోజూ దుకాణం తెరుస్తున్నాను.