కూర్చునే కొలువు

మొన్న మా మనవడి మోటారుసైకిల్ బ్రేకు పిడి చేతిలోనే పుటుక్కున విరిగింది. పిల్లవాడు ముళ్లకంచెలో పడి, మోచేయి గీరుకుని బతికిపోయాడు గానీ, విరిగిన ముక్కను చూసిన నాకు ఒళ్లు మండిపోయింది. పైకి అద్దంలా నున్నగా ఉంది, లోపలేమో పురుగు తొలిచిన వంకాయలా బొక్కలే బొక్కలు. ఇబ్రహీంపట్నంలో మెకానిక్ దాన్ని అటూ ఇటూ తిప్పి, “అచ్చుల పోసినప్పుడు ఒత్తిడి సాలలే తాతా, గాలి లోపల్నే ఉండిపోయింది” అన్నాడు. ఆ సంగతి నాకు చెబుతున్నాడు! ఒకప్పుడు ఆ ఒత్తిడిని నేనే.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో పట్నంలో సత్తు, అదే అల్యూమినియం, తుక్కు చవకగా దొరికేది. మా మేనమామ దాన్ని బండి మీద తెచ్చి, కరిగించి, ఇనుప అచ్చుల్లో పోసి గరిటెలూ గిరకలూ చేసేవాడు. కరిగిన సత్తు చల్లారేటప్పుడు లోపల బుడగలు కడతాయి. గట్టిపడేదాకా నొక్కి పట్టకపోతే అక్కడే కాపురం పెడతాయి. అందుకని అచ్చు మూత మీదుగా పొడవాటి దూలం వేసి, దాని కొసన మీసాలొచ్చిన నన్ను కూర్చోబెట్టేవాడు. కుదురుగా కూర్చోలేక బడి మానేసిన వాడికి చివరికి దొరికిన కొలువు కూర్చోవడమే!

అప్పట్లో ఊరూరా దొరల మీద సంఘం లేస్తోందనీ, వెట్టి బందవుతోందనీ వినికిడే గానీ, మా ఊళ్లో దొర గడి ముందు మేమింకా చెప్పులు చేతపట్టుకునే నడిచేవాళ్లం. గడి బావికి కొత్త గిరక కావాలని దొర మనిషి వచ్చి కూర్చున్నాడు. మామ పోశాడు, నేను దూలమెక్కాను. లోపల సత్తు ఇంకా ముద్దగానే ఉండగా వాడు నా జబ్బ పట్టి గుంజాడు.

“కూసునుడు గూడ ఒక పనేనారా? నడువ్, దొర గుర్రానికి గడ్డి కొయ్యాలె.”

గిరక తళతళలాడుతూనే వచ్చింది. మళ్లీ కరిగించి పోస్తానని మామ బతిమాలితే, “మెరుస్తలేదా? గది సాలు” అని పట్టుకుపోయాడు.

గడిలో వెట్టికి నీళ్లు తోడేది మా అక్కే. వారం తిరక్కముందే, నిండు బొక్కెన పైకి వస్తుండగా గిరక రెండు చెక్కలైంది. తాడు ఆమె కుడిచేతి వేళ్లను బావి రాతికేసి నలిపేసింది. పెద్దచెరువు కింద నాట్లలో అక్కతో పోటీపడే ఆడమనిషి లేదనేవారు. ఆ వేళ్లు మళ్లీ నారు పట్టలేదు. దొర దవాఖానకు బండి ఇవ్వలేదు సరికదా, దొంగ గిరక పోశాడని మామను గడి ముందు వంగబెట్టి వీపున బండరాయి ఎత్తించాడు. అచ్చు మీద ఉండనియ్యని బరువును మనిషి మీద పెట్టించాడు!

తరువాత యూనియన్ సైన్యం వచ్చింది. అంతకుముందే సంఘానికి జడిసి పట్నం పారిపోయిన దొర తెల్లటోపీ పెట్టుకుని తిరిగొచ్చి, గడి మీద జెండా ఎగరేయడానికి చిన్న గిరక కావాలని మళ్లీ ఆ మనిషినే పంపాడు. వాడికీ ఒక టోపీ వచ్చింది. తన్ని తరుముదామని నేను లేచాను. అక్క వంకర వేళ్లతో నా భుజం నొక్కి, “దొర మీది కోపం జెండా మీద తీస్తవారా తమ్మీ? మామను పోయనియ్యి. నువ్వు జర గట్టిగ కూసో” అంది.

కూర్చున్నాను.

“లెవ్వురా, దొర ఎదురుసూస్తుండు” అన్నాడు వాడు.

“సూడనియ్యన్నా. కూసునుడు గూడ ఒక పనే” అన్నాను.

అచ్చు చల్లారింది, పొద్దు నడినెత్తికొచ్చింది, వాడి టోపీ కింద చెమట కారింది. నేను లేవలేదు. సత్తు ఎప్పుడో గట్టిపడింది, నేనే ఇంకా గట్టిపడుతున్నాను.

ఆ గిరక ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. మామ పోయాడు, అక్క పోయింది, గడి గోడల రాళ్లు ప్లాట్లకు హద్దురాళ్లయ్యాయి. నా కొలువు ఇప్పుడు యంత్రాలు చేస్తాయట, నాలాంటి వాళ్లు ఊరంతా కూర్చున్నంత బరువుతో నొక్కుతాయట. మంచిదే, వాటిని గడ్డి కోయడానికి ఎవరూ గుంజుకుపోరు. మరి ఈ పిడిలో ఇన్ని బొక్కలెక్కడివి? మనవడు పారేయబోతే ఆ ముక్కను లాక్కుని నా దగ్గరే ఉంచుకున్నాను. లోపలిది గట్టిపడకముందే ఆ యంత్రాన్నీ ఎవడో లేపేశాడు. “మెరుస్తలేదా? గది సాలు” అన్నవాడు ఎక్కడో ఇంకా బతికే ఉన్నాడు.