హనుమండ్లు తల మీది నీలి గీత

మందమర్రి బొగ్గుబాయిలో కప్పు కూలకుండా ఆసరాలు నిలబెట్టడం హనుమండ్లు పని. ఇరవై ఆరేళ్ల నౌకరీ. కప్పు చప్పుడు వినగానే ప్రమాదం పసిగడతాడని, తోటివాళ్లు అతని పక్కన ధైర్యంగా పనిచేసేవాళ్లు. అలాంటి మనిషి నాలుగు నెలలుగా అద్దం చూడాలంటే భయపడుతున్నాడు.

కుడి చెవికి నాలుగు వేళ్ల పైన, రూపాయి బిళ్లంత చోట నొప్పి. పక్కకు జరగదు, తలంతా పాకదు. సన్నగా నొక్కుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి సూదితో పొడిచినట్టు పోటు వచ్చి, క్షణంలో తగ్గుతుంది. అక్కడ దువ్వెన తగిలినా ఓర్చుకోలేడు. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు పళ్లు బిగబట్టేవాడు.

అన్న లక్ష్మీరాజం కూడా మొదట తలనొప్పే అన్నాడు. మెదడులో గడ్డ అని తేలిన ఏడాదికే పోయాడు. అందుకే హనుమండ్లు ఇంట్లో చెప్పలేదు. ప్రతి ఆదివారం వేలితో తడుముకుంటూ, నొప్పి ఆగిన చోటల్లా నీలి బాల్‌పెన్నుతో గీసుకునేవాడు. గుండ్రం పెరగలేదు. అయినా, లోపలికి పెరుగుతోందేమో!

ఒకరోజు వంగి అన్నం తింటుంటే, వడ్డిస్తున్న భార్య బాలలక్ష్మి పలచబడ్డ వెంట్రుకల మధ్య ఆ గీత చూసింది.

"నెత్తి మీద గీ గీతేంది?"

"పెరుగుతుందా లేదా అని సూస్తున్న."

"ఏం పెరుగుతుంది?"

"అన్నకు పెరిగినట్టు."

ఆమె చేతిలో గంటె ఆగిపోయింది. మర్నాడే కరీంనగర్ బస్సెక్కించింది.

అక్కడ ఆస్పత్రిలో స్కానింగ్ అయ్యింది. రిపోర్టు సాయంత్రమన్నారు. బెంచీ మీద టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఉంది.

"నాకేమన్న అయితే మన బిడ్డ ప్రవళిక సదువు మాన్పియ్యకు."

"నువ్వే దగ్గరుండి సదివియ్యి," అంది బాలలక్ష్మి.

డాక్టర్ పద్మలత రిపోర్టు చూసి, అతన్ని తల వంచమంది.

"నొప్పి ఎప్పుడైనా ఈ గీత దాటిందా?"

"నూలుపోగంత గూడ దాటలే మేడం."

"లోపల గడ్డ ఏమీ లేదు. దీన్ని నమ్యులర్ తలనొప్పి అంటారు, నాణెం ఆకారమని అర్థం. చాలా అరుదు. ప్రాణానికి ముప్పు లేదు."

"మా అన్నను గూడ జర ముందుగాల తీసుకొస్తే బతికేటోడా?"

"అది నేను చెప్పలేను," అందామె మెల్లగా.

నరాల నొప్పికి మాత్రలిచ్చింది. నెల తిరిగేసరికి పోట్లు తగ్గాయి. సన్నటి నొప్పి మాత్రం అప్పుడప్పుడు పలకరిస్తుంది. ఇప్పుడు ఏ కాస్త తేడా అనిపించినా అతను ముందు బాలలక్ష్మికే చెబుతున్నాడు.