తీరకూడని బాకీ

వేసవిలో మా పెరట్లో పరిచిన పలకరాళ్లు మధ్యాహ్నానికి కాలు పెట్టనివ్వవు. ఎండ వాలాక బిందెడు నీళ్లు చల్లితే బుస్సుమని ఆవిరి లేస్తుంది. దాని వెంట ఒక వాసన వస్తుంది. మట్టివాసన కాదు, కొత్త పలకను తడిబట్టతో తుడిచినప్పటి వాసన. నిన్న సాయంత్రం ఆ వాసన తగిలి, చెంబు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. దేవదానం పెదనాయన చొక్కా ఎప్పుడూ ఆ వాసనే వేసేది.

పెదనాయన అని పిలిచేదాన్నే గానీ ఆయన మాకు చుట్టం కాదు. మార్కాపురంలో మా పక్కింటాయన. పలకల కార్ఖానాలో రాయి చీల్చే పని ఆయనది. గని నుంచి వచ్చిన బండను సుత్తితో ఒకసారి తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఖంగుమంటే మంచి రాయి. బొంగురుగా పలికితే లోపల పగులుందన్నమాట. ఆ తర్వాత ఉలి పెట్టి, ఆకులు విడదీసినట్టు పొరలు పొరలుగా విప్పేవాడు. నాకు ఆరేళ్లప్పుడు మూల విరిగి పక్కన పారేసిన పలక ఒకటి తెచ్చి, చెయ్యి కోసుకోకుండా అంచులు అరగదీసి ఇచ్చాడు. “నువ్వే నేర్పు పెదనాయనా” అన్నాను. పకపకా నవ్వాడు. “నాకు రాసేది రాదు పాపా. రాయి వచ్చు” అన్నాడు. ఆ పలక అరిగితే ఇంకోటి తెచ్చేవాడు. నేను మిషన్ బడిలో చదివి, ట్రైనింగ్ పూర్తి చేసి, పెద్దారవీడు బడిలో టీచరునయ్యానంటే మొదటి కారణం ఆయనే.

మా అమ్మకు అప్పంటే చావు భయం. మా నాయన పోయిన మూడోనాడే పొదిలి వ్యాపారి మనిషిని పంపి, బాకీ కింద మా రెండు మేకలను తోలుకుపోయాడు. అప్పటి నుంచి అమ్మ చారెడు ఉప్పు కూడా బదులు తెచ్చేది కాదు. “గంజి తాగినా ఫరవాలేదు, ఒకరికి బాకీ పడి చావకూడదు” అనేది. ఆ మాట వింటూ పెరిగినదాన్ని నేను. అందుకే, జీతం చేతికి రావడం మొదలయ్యాక నా కళ్లు పక్కింటి బాకీ మీద పడ్డాయి.

పెదనాయనకు కార్ఖానాలో బాకీ ఉండేది. ఒక ఎండాకాలం ఇల్లు కాలిపోతే, తిరిగి కప్పు వేసుకోవడానికి కార్ఖానా యజమాని శెట్టిగారి దగ్గర తీసుకున్నది. వడ్డీ లేదు, కూలిలో పట్టుకునేవాళ్లు. పదేళ్లయినా అది తీరలేదు. కొంచెం తగ్గగానే ఏదో ఖర్చని మళ్లీ తీసుకునేవాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. మోకాళ్లు వాచి, దగ్గు పట్టుకుంది. కుర్రవాళ్లు నాలుగు బండలు విప్పే లోపల ఆయన రెండు విప్పేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా పొద్దున్నే దగ్గుకుంటూ కార్ఖానాకు పోయే ఆ మనిషిని చూసి, ఈ బాకీయే కదా ఈయన్ని కట్టేసింది అనుకునేదాన్ని.

“నీ బాకీ ఎప్పుడు తీరుతుంది పెదనాయనా?” అని ఒకసారి అడిగాను.

“తీరినాక ఏం చేసేది పాపా?” అని నవ్వాడు. అది ఆశ వదులుకున్న మనిషి మాట అనుకున్నాను.

ఏడాదిన్నర పాటు జీతంలో కొంత దాచాను. ముప్పై రూపాయలు కాగానే, ఆయనకు గానీ ఆయన భార్య పెద్దమ్మకు గానీ చెప్పకుండా శెట్టిగారింటికి పోయాను. అరుగు కింద నిలబడి డబ్బు మూట ముందు పెట్టాను. శెట్టిగారు వెంటనే తీసుకోలేదు.

“దేవదానానికి చెప్పినావా అమ్మా?” అన్నాడు.

“లేదండీ. తర్వాత చెప్తాను.”

“చెప్పి రాకూడదా?”

అంతలో ఆయన కొడుకు బయటికి వచ్చాడు. కార్ఖానా పెత్తనం అప్పుడప్పుడే ఆయన చేతికి వస్తున్నది. డబ్బు లెక్కపెట్టి, పద్దు కొట్టేసి, ప్రామిసరీ నోటు చించి నా చేతిలో పెట్టాడు. శెట్టిగారు లేచి లోపలికి పోయాడు. నాకు మాత్రం కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ చినిగిన నోటు ముక్కలను పెదనాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతోషంతో నమ్మలేకపోతున్నాడనుకున్నాను. చివరికి నా తల మీద చెయ్యి పెట్టి, “మంచిది బిడ్డా” అన్నాడు. పెద్దమ్మ మాత్రం ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుంది.

నేను పెద్దారవీడు వెళ్లిపోయాను. నెల తర్వాత వచ్చేసరికి పెదనాయన పట్టపగలు ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆ వేళప్పుడు ఆయన్ని ఇంటి దగ్గర నేనెన్నడూ చూడలేదు. పెద్దమ్మ చేలో కలుపు తీసి అప్పుడే వచ్చింది. ఆమె కూలికి పోవడం మానేసి ఎన్నో ఏళ్లయింది.

“ఏంది పెద్దమ్మా ఇది?” అన్నాను.

ఆమె నన్ను ఇంటి వెనక్కు తీసుకుపోయి మెల్లగా చెప్పింది. “నువ్వు డబ్బు కట్టిన మూడోనాడే చిన్నశెట్టి పిలిచినాడు. నీకింక మా బాకీ లేదు గదా, పెద్దోడివైనావు, ఇంటికాడ కూర్చో అన్నాడు. ముసలోణ్ణి పనిలో ఎందుకు పెట్టుకుంటారు పాపా? బాకీ ఉంటేనే గదా, అది రావాల గాబట్టి పెట్టుకునేది. పెద్దశెట్టి కూడా కొడుక్కు ఆ మాటే చెప్పి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చినాడు.”

అప్పు ఆయన్ని కట్టేసిన తాడు అనుకున్నాను. ఆయన మాత్రం దాన్ని పట్టుకునే నిలబడ్డాడు. పెన్షనూ ఫండూ లేని మనిషికి ఆ ముప్పై రూపాయల బాకీయే ముసలితనపు ఆసరా. దాన్ని నా చేత్తో నేనే తెంపేశాను. శెట్టిగారి కాళ్లు పట్టుకుంటానని ఏడుస్తూ బయలుదేరాను. పెదనాయన మంచం మీద నుంచే పిలిచాడు.

“కాళ్లు పట్టుకునేది ఎందుకు? రేపు నా ఎంబడి రా. నోటు రాయాల.”

మర్నాడు అణా స్టాంపు కొనుక్కుని ఇద్దరం వెళ్లాం. తండ్రీ కొడుకులిద్దరూ అరుగు మీద ఉన్నారు.

“నలభై రూపాయలు కావాలయ్యా” అన్నాడు పెదనాయన.

“ఎందుకు దేవదానం?” అన్నాడు శెట్టిగారు.

“ఖర్చుంది.”

కొడుకు నొసలు చిట్లించాడు. “ఈ వయసులో తీసుకుని ఎట్ల తీరుస్తావు?”

“ఎప్పుడూ తీర్చినట్టే. పనిచేసి.”

శెట్టిగారి మీసాల కింద నవ్వు కదిలింది. “ఇయ్యిరా. ఇరవై ఏండ్ల నుంచి చూస్తాండా, మాట తప్పినోడు కాదు. మన దుడ్లు మనకు రావాలంటే పనిలో పెట్టుకోక తప్పదు మరి” అన్నాడు. కొడుకు తండ్రి ముఖం చూశాడు, పెదనాయన ముఖం చూశాడు. అర్థమైనట్టుంది. లోపలికి పోయి డబ్బు తెచ్చాడు.

నోటు నేను రాశాను. పెదనాయన వేలిముద్ర వేశాడు. వీధి మలుపు తిరిగాక ఆగి, అందులోంచి ముప్పై రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. నేను వద్దంటే వద్దన్నాను.

“తీసుకో. చెడ్డపని ఏం చేయలేదు నువ్వు. నీ కష్టం నాకెందుకు?”

“ముందే నాకు ఎందుకు చెప్పలేదు పెదనాయనా? నేను అడిగితే నవ్వేసి ఊరుకున్నావే!”

“ఎప్పుడు తీరుతుందని అడిగినావు. తీర్చాల్నా అని అడగలేదు గదా పాపా.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ నా పక్కన నడుస్తూ, ఆ రోజు బండలు వచ్చాయో లేదో అని ఆరాటపడుతున్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు పనిచేశాడు. పోయేనాటికి నోటు మీద ఇంకా పద్దెనిమిది రూపాయలు మిగిలే ఉన్నాయి. మా అమ్మ, “పాపం, బాకీతో పోయినాడే” అని కళ్లు ఒత్తుకుంది. తెలిసి తెలిసి మళ్లీ ఎవరికీ చెప్పకుండా ఆ బాకీ తీర్చలేను గనక, కట్టమంటావా అని ఈసారి పెద్దమ్మను అడిగాను. “పెద్దశెట్టి ఒచ్చి గుంతలో మట్టి ఏసి పోయినాడు. బాకీ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తబాక” అంది.

అప్పు మంచిదని నేను చెప్పడం లేదు. అలాంటి కార్ఖానాల్లోనే ముందే తీసుకున్న అడ్వాన్సు తీర్చలేక, ఇంకోచోట మంచి కూలి దొరుకుతున్నా కదల్లేని కుర్రవాళ్లను నేను చూశాను. ఒక మనిషి ముసలితనంలో పని నిలుపుకోవడానికి బాకీ పడాల్సి రావడం కూడా మెచ్చుకోదగ్గ సంగతి కాదు. నేను మా అమ్మ కూతుర్నే. రిటైరయ్యేనాటికి పైసా బాకీ లేకుండా చూసుకున్నాను, హాయిగా నిద్రపోతున్నాను. కానీ అది నా గొప్పతనమని అనుకోను. నెల నెలా పెన్షను వచ్చేవాళ్లకు ఆ హాయి సులువు.

ఈనాటికీ ఎవరి కష్టమైనా చూసి మనసు కరిగితే, చెయ్యి సంచి వైపు పోకముందే నోరు తెరిచి అడుగుతాను, ఇది తీరాలని ఉందా అని. చాలామంది వెంటనే అవునంటారు. ఎప్పుడో ఒకరు మాత్రం నవ్వి, “కూర్చోమ్మా, చెప్తా” అంటారు. అప్పుడు ఎన్ని పనులున్నా కూర్చుంటాను.