పీరా సాహెబ్ ముట్టుకోని చప్పుడు

నాయుడుపేటలో పీరా సాహెబ్ మైకు సెట్టంటే పెద్దవాళ్ళకు ఇష్టం, కుర్రకారుకు ఒళ్ళుమంట. ఎంత బతిమాలినా సౌండు పెంచడు. ఒక పాట గుసగుసగా, ఇంకో పాట గుండెలదిరేలా మోగితే ఆయన ప్రాణం ఒప్పుకోదు. అందుకే ఎవరు పాటల కార్డు ఇచ్చినా ముందు తన పాత కంప్యూటరులో పెడతాడు. కార్డులో పట్టేలా కుదించి దాచిన పాట విచ్చుకునేటప్పుడు ఎంత గట్టిగా మోగుతుందో అది కొలుస్తుంది. తగ్గినదాన్ని పెంచుతుంది, మితిమీరినదాన్ని దించుతుంది. హద్దు దాటిన శబ్దానికి పైభాగం తెగిపోయి స్పీకరు హారన్ గరగరమంటుంది. ఆ గరగర ఆయనకు పంటికింద రాయి. "మనిషి గొంతుకు తల నరికే హక్కు మనకెవరిచ్చినారప్పా?" అంటాడు. చాదస్తమే అనుకోండి. అనుకుంటే ఆయనకేం పోదు.

పులికాట్ సరస్సు ఒడ్డున రొయ్యల వల వేసుకునే సుకుమార్ ఒకరోజు ఈయన దగ్గరికే వెతుక్కుంటూ వచ్చాడు. మధ్యలో వేరే మైకు సెట్లు లేకనా! వాళ్ళమ్మ అమల పోయి ఏడాది కావస్తోంది. ఇంటి ప్రార్థనల్లో ఆమె పాడిన పాటలు ఫోనులో దాచుకున్నాడు, జ్ఞాపకార్థ కూడికలో ఊరంతా వినాలట. కార్డు చేతిలో పెడుతూ, అమ్మ నిద్రలోనే పోయిందని, ఏమీ కష్టపడలేదని చెప్పాడు. పీరా సాహెబ్ ఆ మాట అడగనేలేదు.

మధ్యాహ్నం కొట్టులో కూర్చుని పాటలన్నీ ఒక తీరుకు తెచ్చాడు. చివర పేరు లేని ఫైలొకటి మిగిలింది. పాడదామని మీట నొక్కి, పాడలేక, ఫోను దిండు కింద పెట్టేసినట్టుంది ఆ తల్లి. ఎంత విన్నా చప్పుడే లేదు. ఇంకొకరైతే తీసి పారేసేవారు. ఈయన మాత్రం దాన్నీ కొలతకు పెట్టాడు. ఇది మరీ తక్కువగా ఉందనుకుని కంప్యూటరు ఎత్తగలిగినంతా ఎత్తింది.

మొదట హోరు. హోరు వెనక ఒడ్డుకు తగులుతున్న నీళ్ళు. ఆ తర్వాత ఊపిరి. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోనులో అది తన మెడ వెనకే ఉన్నట్టు తోచి పీరా సాహెబ్ తిరిగి చూశాడు. కొట్టులో ఎవరూ లేరు.

"సుకుమారా... రవ్వన్ని నీళ్ళియ్యి నాయనా."

కాసేపటికి ఎక్కడో దూరంగా మగగొంతు పలికింది. "వస్తా ఉండానమ్మా. పడుకో."

అడుగుల చప్పుడు మాత్రం లేదు. ఆమె మళ్ళీ పిలిచింది. ఆ తర్వాత పిలుపులో పేరు కూడా లేదు, ఒట్టి ఊపిరే. చివరికి ఆ ఊపిరీ ఆగిపోయి నీళ్ళ చప్పుడొకటే మిగిలింది.

 పెంచిన సౌండు తీసేసి మళ్ళీ వింటే ఏమీ లేదు. పెంచితే ఆమె ఉంది. ఒకసారి మీట నొక్కితే చచ్చిపోతోంది, ఇంకోసారి నొక్కితే దాహమంటోంది. యా అల్లా, ఈ పాపం నా చేతికెందుకొచ్చిందని వాపోయాడు. నిద్రలో పోయిందనుకుంటున్న బిడ్డ గుండె బద్దలు చేయడమెందుకు? ఆ ఫైలును కార్డులోనే విడిగా పక్కన పెట్టేశాడు.

కూడిక పొద్దుగూకే వేళ సుకుమార్ ఇంటి ముందరే జరిగింది. అమల గొంతు ఎక్కడా పగలకుండా, ఎక్కడా మునగకుండా సరస్సు మీదికి సాగిపోయింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. పాటలయ్యాక పోయినవారి బిడ్డ లేచి వాళ్ళ గురించి సాక్ష్యం చెప్పడం అక్కడి ఆనవాయితీ. పాస్టరుగారు పిలిస్తే సుకుమార్ మైకు దగ్గరికి కాకుండా నేరుగా పీరా సాహెబ్ దగ్గరికి వచ్చాడు.

"ఇంకొకటి ఉండాది గదా పీరన్నా."

"అది ఖాళీదప్పా," అన్నాడు ఈయన, మొహం తిప్పుకుని. అబద్ధమాడడం ఆయనకెప్పుడు వచ్చింది గనక!

"ఖాళీది గాదు. ఆ పొద్దు అమ్మ పిలిస్తే పలికినాను. లేచి పోలేదు. ఫోనులో ఎంత విన్నా ఏమీ లేదు, నా చెవుల్లో మాత్రం ఏడాదిగా పిలస్తానే ఉండాది. తక్కువ గొంతును నువ్వే పైకి తెస్తావని నీ దగ్గరికి తెచ్చినా. అందరికీ వినిపించన్నా. అదే నా సాక్ష్యం."

ఊరు వీణ్ణి బతకనిస్తుందా అని పీరా సాహెబ్ వెనకాడాడు. కానీ ఆ కళ్ళు చూశాక కాదనలేకపోయాడు. సౌండు పెంచిన ఆ ఫైలు పెట్టాడు.

"సుకుమారా..." హారన్లు పిలిచాయి. నీళ్ళ మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. చాపల మీద కూర్చున్నవాళ్ళెవరూ కదల్లేదు. తన గొంతే హారన్లలో బదులు పలకడం విని సుకుమార్ తల వంచుకున్నాడు. రెండో పిలుపుకు వసారాలోని కుండలో చెంబు ముంచుకుని, ఆమె పోయిన గదిలోకి వెళ్ళాడు. "తెచ్చినానమ్మా," అన్నాడు లోపల.

ఫైలు అయిపోయింది. పీరా సాహెబ్ కార్డు బయటికి లాగాడు, మైకు సెట్టు ఆపేశాడు.

అప్పుడు వినిపించింది హారన్లలో. గుటక. మళ్ళీ గుటక. చాలాకాలంగా దాహంతో ఉన్న మనిషి ఆత్రంగా తాగుతున్న చప్పుడు. చివరన తృప్తిగా విడిచిన ఊపిరి.

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి సౌండు మీటమీదికి పోయింది, అక్కడే ఆగింది. ఆ చప్పుడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.