మా మూగ టీవీ

మా బావ ఆ మాట అన్నది పది మందిలో. అందుకే ఇంకా గుర్తుంది. ఎవరూ లేనప్పుడు అని ఉన్నా గుర్తుండేదనుకోండి.

ప్రత్తిపాడు వైపు ఇళ్లలోకి హెచ్‌డీ టీవీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. డబ్బాలాంటి పాతది తీసేసి, గుంటూరు వెళ్లి గోడకు తగిలించే పల్చటి టీవీ తెచ్చాను. దానికి హెచ్‌డీ బాక్సు ఉండాలన్నారు, పెట్టించాను. బొమ్మకు తగ్గ శబ్దం ఉండాలన్నారు, హోమ్ థియేటర్ కూడా కొన్నాను. మూలల్లో చిన్న స్పీకర్లు, నేల మీద పెద్ద పెట్టె. దుకాణంలో అది మోగితే గుండెకు తగిలింది. ఆ మోత మా ముందుగదిలో వినాలన్నదే ఆ ఏడాది నాకున్న కోరిక.

అదే వారం అక్క ఫోన్ చేసింది.

"మీ బావ పత్తి ఇప్పుడే అమ్మనంటన్నాడు. రేటు పెరుగుద్దంట. మా ఇంట్లో చోటు లేదురా, మీ ముందుగదిలో పోయించుకో."

అక్క మొగుడి పత్తి. కాదనడానికి నోరు రాదు. మా వైపు పత్తి ఇంట్లో పోసుకోవడం మామూలే. ఆ నెలల్లో మనుషులు వసారాలో పడుకుంటారు, పత్తి గదిలో పడుకుంటుంది. మూడు వైపులా నిలువెత్తున పోశారు. టీవీ ముందు నడవంత చోటు మిగిలింది. వెనక స్పీకర్లు కూరుకుపోకుండా పైకి జరిపి మేకులు కొట్టుకున్నాను.

క్రికెట్ మ్యాచ్ ఉన్న మధ్యాహ్నం వీధిలోవాళ్లు వచ్చి పత్తి మీదకెక్కి కూర్చున్నారు. అందరికన్నా పైన మా బావ. బంతి మీద కుట్టు కూడా కనపడుతోంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. శబ్దం చివరిదాకా పెంచాను. స్టేడియంలో జనమంతా దుప్పటి ముసుగేసుకుని అరుస్తున్నట్టు వినిపించింది.

"ఏం బామ్మర్దీ, బొమ్మ బానే ఉంది. దీనికి గొంతేది?" అన్నాడు బావ.

"ఆగు బావా, సెట్టింగు చూస్తన్నా."

"ఇంకేం సెట్టింగురా! మూగదాన్ని అంటగట్టారు నీకు."

అందరూ నవ్వారు. ఆ సాయంత్రం నుంచి మాది మూగ టీవీ ఇల్లు. టీకొట్టుకు వెళితే "ఏంది, ఇయ్యాలన్నా మాట్లాడిందా?" అని అడిగేవారు.

దుకాణం చుట్టూ తిరిగాను. వాళ్ల మనిషి వచ్చి పెట్టెకు చెవి ఆనించి, "సెట్టులో తేడా ఏం లేదండి" అన్నాడు. "వినపడకపోతే ఏం లేదంటారేంటండి?" అని మళ్లీ గుంటూరు వెళ్లి, పెద్ద పెట్టె మార్చి ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. మార్చింది కూడా అలాగే గొణిగింది. బస్సుల్లో తిరిగి తిరిగి నాకే విసుగొచ్చింది.

చివరికి బావకు నచ్చిన రేటు వచ్చింది. లారీ వచ్చింది. పత్తి గోనె బోరాలకెక్కి గది దాటింది. ఖాళీ గది ఊడుస్తూ మా ఆవిడ దగ్గింది. గది తిరిగి దగ్గింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వెళ్లి టీవీ పెట్టాను. కిటికీ అద్దాలు అదిరాయి. ఇన్నాళ్లూ శబ్దాన్ని మింగింది ఆ పత్తే.

లారీ దగ్గర తాళ్లు బిగిస్తున్న బావను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గుమ్మంలో నిలబడి విన్నాడు. తప్పు పత్తిదని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఆ లారీ దగ్గరివాళ్లు వినేలా అంటే చాలు, మిగతా ఊరికి వాళ్లే చెబుతారు.

"ఇప్పుడు బాగుచేయించావన్నమాట," అన్నాడు. "నేను ఆ రోజే చెప్పలా?"

"బాగుచేయించేదేంది బావా! నీ పత్తి వల్లే అప్పుడు వినపడలా."

"పత్తేం చేసిందిరా పాపం, దానికేమన్నా నోరా!"

లారీ దగ్గరివాళ్లు నవ్వారు. వాళ్లలో ఇద్దరు ఆ రోజు పత్తి మీద కూర్చుని నవ్వినవాళ్లే.

ఆ తర్వాత కొన్ని నెలలు టీవీ గట్టిగానే మోగింది. పేరు మాత్రం పోలేదు. మరుసటి ఏడు పత్తి తీతలు మొదలవగానే బావ వచ్చాడు. గది నాలుగు మూలలూ చూసి, "ఆ పెద్ద పెట్టె తీసెయ్ బామ్మర్దీ, పత్తికి అడ్డం" అన్నాడు.

చెప్పాల్సినవన్నీ నోటిదాకా వచ్చాయి. ఆయన వెనకాలే అక్క కూడా వచ్చి నిలబడింది. వంగి వైర్లు పీకడం మొదలుపెట్టాను.